అరువు జబ్బుల మనిషి

మా ఆయనకు సొంతంగా ఒక్క జబ్బూ లేదు. ఉన్నవన్నీ ఎదుటివాళ్ళవే. ఎవరైనా ఆయన ముందు ఒక బాధ చెప్పుకుంటే చాలు, మాట పూర్తి కాకముందే "నాకూ అంతే" అంటారు. అనడంతో సరిపెట్టుకుంటే నేను ఇంత రాయక్కర్లేదు. మర్నాటినుంచి ఆ జబ్బుతో నిజంగానే తిరుగుతారు.

పక్కింటి పెద్దాయనకు మోకాలు పట్టేసినప్పుడు ఈయన కుంటడం మొదలుపెట్టారు. ఆ పెద్దాయన కట్టు విప్పేసి, కూరగాయల సంచీతో మెట్లెక్కుతున్నా ఈయన కుంటు మానలేదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ" అని అడిగాను. "ఆయనది తగ్గింది. నాది ఇంకా తగ్గలేదు" అన్నారు. పైగా కుంటే కాలు పూటకొకటి. పొద్దున కుడిది, సాయంత్రం ఎడమది.

పెళ్ళైన కొత్తలో నాకు ఇది తెలియదు. మా అమ్మాయి కడుపులో పడ్డాక నాకు వేవిళ్ళు మొదలయ్యాయి. వారం తిరక్కుండా ఆయనకూ మొదలయ్యాయి. నేనొక గిన్నె పట్టుకుని కూర్చుంటే, ఆయన ఇంకో గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చునేవారు. మా అత్తగారు నిమ్మకాయ కోసి, ఎవరికివ్వాలో తోచక మధ్యలో నిలబడి, చివరికి కొడుక్కే ఇచ్చేవారు. "వాడికి చిన్నప్పటినుంచీ అంతేనమ్మా. బళ్ళో ఎవడికి జ్వరమొచ్చినా వీడు దుప్పటి కప్పుకునేవాడు" అని నాకు సర్దిచెప్పేవారు. ఆ నిమ్మచెక్క కోసం నేను ఆవిడ మీద చాలాకాలం కోపం పెట్టుకున్నాను.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. కళ్ళు పరీక్షచేసి, అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి ఇస్తారు. పనికి వంక పెట్టడానికి లేదు. వచ్చిన చిక్కల్లా ఆ నోటితోనే. ఒకరోజు నేను భోజనం డబ్బా ఇవ్వడానికి వెళ్ళేసరికి ఒక లాయరుగారు పరికరం మీద గడ్డం ఆనించి కూర్చుని ఉన్నారు.

"ఈ మధ్య చిన్న అక్షరాలు అలికేసినట్టు కనిపిస్తున్నాయండీ" అన్నారు లాయరుగారు.

"నాకూ అంతే" అన్నారు మా ఆయన, దీపం దగ్గరగా జరుపుతూ.

"సాయంత్రమైతే ఒకటి రెండుగా కనిపిస్తోంది."

"నాకూ అంతే. ఇప్పుడు నాకు మీరు ఇద్దరున్నారు."

లాయరుగారు మెల్లగా గడ్డం పైకి తీసి, కోర్టుకు వేళైందని చెప్పి వెళ్ళిపోయారు. ఆవేళ ఆదివారం.

ఇలాంటి మనిషితో కాపురం చేస్తూ చేస్తూ నేను యాభయ్యో ఏటి దగ్గరకు వచ్చాను. నెలసరి దారి తప్పింది. ఒక నెల వస్తే మూడు నెలలు జాడ ఉండదు. కూర్చున్నచోటే కూర్చుని ఉండగా ఛాతీలోంచి ఒక సెగ లేచి, మెడ మీదుగా ముఖానికి పాకి, బట్టలు తడిసేదాకా వదిలేది కాదు. నిద్ర పోయింది. కోపం వచ్చింది. ఈయనకు చెప్పకూడదనే గట్టిగా అనుకున్నాను. కానీ ఒకరోజు వంటింట్లో నోరు జారాను.

"ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలొస్తున్నాయండీ."

"నాకూ అంతే."

"నిద్ర పట్టడం లేదు."

"నాకూ అంతే."

"నెలసరి ఆగిపోయే వయసు వచ్చిందని చెబుతున్నాను."

ఆయన చేతిలో చెంచా పట్టుకుని కాసేపు నిజాయితీగా ఆలోచించారు.

"అదొక్కటి తప్ప మిగతావన్నీ నాకూ ఉన్నాయి" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికే మండుతోందనుకోండి. ఆ రోజునుంచి ఇంట్లో ఇద్దరం సెగల రోగులం. నేను తడి తువ్వాలు మెడకు చుట్టుకుంటే ఆయన ఇంకోటి చుట్టుకునేవారు. నేను కిటికీ తెరిస్తే, ఆయన ముక్కు నీలంగా మారుతున్నా సరే, పక్క కిటికీ కూడా తెరిచేవారు. మా అమ్మాయి కోటు వేసుకుని భోంచేస్తూ, "అమ్మకు మెనోపాజ్. మీకేంటి నాన్నా?" అని అడిగింది.

"నాదీ దాని తాలూకుదేనమ్మా" అన్నారు.

సెగలైనా వచ్చి పోయేవి. వచ్చి పోనిది నడుం. తినేది ఎప్పటి తిండే, నడిచేది ఎప్పటి దారే. చేతులూ కాళ్ళూ ఎప్పటిలాగే ఉన్నాయి. మధ్యలో మాత్రం నాకు తెలియని మనిషెవరో వచ్చి కాపురం పెట్టింది. బీరువాలో ఒక్క డ్రెస్సుకీ జిప్పు పైకి రాదు. ఒకరోజు అద్దం ముందు ఊపిరి బిగబట్టి జిప్పుతో కుస్తీ పడుతుంటే మా ఆయన పక్కన వచ్చి నిలబడ్డారు. ఆయన వెదురుబద్దలా ఉంటారు. బెల్టుకు కంపెనీ వాళ్ళు పెట్టిన చిల్లులు చాలక మేకుతో లోపలివైపు ఇంకొన్ని పొడుచుకున్న మనిషి. ఆయన లేని పొట్టను రెండు చేతులతో పట్టుకోబోయి, పట్టుకోవడానికి చర్మం కూడా దొరక్క, చొక్కా పట్టుకుని "నాకూ అంతే" అన్నారు.

నేను రాత్రి భోజనం మానేశాను. ఆయనా మానేశారు. నేను పొద్దున కూడా మానేసి మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరముక్కలతో సరిపెట్టుకున్నాను. ఆయన దుకాణంలో అవే ముక్కలు నమిలారు. కడుపు మాడ్చుకుంది నేను, చిక్కిపోయింది ఆయన. నేను ఎక్కితే బరువు చూసే యంత్రంలో ముల్లు మేకు కొట్టినట్టు ఉన్నచోటే ఉండేది. ఆయన ఎక్కితే అది వెనక్కి పరిగెత్తేది.

"నాకు తగ్గిపోతోందే" అనేవారు తప్పు చేసినవాడిలా.

"దిగండి" అనేదాన్ని.

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే బల్ల నాది. మా ఆయన్ని వీధిలో చూసొచ్చిన తోటి ఉద్యోగిని ఒకామె, "మీ ఆయన అంత చిక్కిపోయారేంటి? ఇద్దరి భోజనం నువ్వే తినేస్తున్నావా?" అంది. ఆమె సరదాకే అంది. నేను నవ్వి, పుస్తకాల బీరువాల వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఆకలితో ఉన్న మనిషిని అనాల్సిన మాట కాదది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే వారం ఇంకోటి జరిగింది. చదువుకునే గదిలో పత్రికలు సర్దుతుండగా సెగ లేచింది. కళ్ళు బైర్లు కమ్మి, ఉన్న ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా పూర్తి వేగంలో పెట్టేశాను. గదిలో ఉన్న దినపత్రికలన్నీ పైకి లేచాయి. ఆటల పేజీ చదువుతున్న ముసలాయన ఒళ్ళోకి మరణవార్తల పేజీ వచ్చి పడింది. ఆయన దాన్ని తన కోసమే పంపినట్టు చూశారు. మా పై అధికారి పరిగెత్తుకొచ్చి, "ఏమైంది?" అని అడిగితే నాకు ఆ వస్తువు పేరు నోటికి రాలేదు. "అదేనండీ... పైన... తిరిగేది..." అంటూ వేలు తిప్పుతూ నిలబడ్డాను. ఆయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించారు.

ఇంటికొచ్చి, ఇంత చిన్న మాట కూడా మర్చిపోతున్నానని మొత్తుకున్నాను.

"నాకూ అంతే. ఇవాళ 'కళ్ళజోడు' అనే మాట గుర్తురాలేదు" అన్నారు.

"కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చునా?"

"వీధిలోకి వెళ్ళి బోర్డు చూసొచ్చాను."

ఆ రాత్రే మా అమ్మాయి డాక్టరమ్మ దగ్గర సమయం తీసుకుంది. ఇద్దర్నీ కారెక్కించి ఆసుపత్రి గుమ్మంలో దింపింది. నన్ను ఒక్కదాన్నే లోపలికి పంపమని నేను చెప్పినా ఎవరూ వినలేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏడాదిగా" అన్నాను.

"అవును, ఏడాదిగా" అన్నారు మా ఆయన.

"సెగలు ఎప్పుడెప్పుడు వస్తాయి?"

నేను గుర్తు చేసుకుంటుండగానే ఆయన అందుకున్నారు. "పళ్ళు తోముకునేటప్పుడు ఒకటండీ. పనికి బయల్దేరుతుంటే ఒకటి. భోజనం కాగానే పెద్దది."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "రోగి ఎవరండీ?"

"ఆవిడే. నాకూ అవే లక్షణాలు."

"అయితే మీరు కాసేపు బయట కూర్చోండి. మీ లక్షణాలకు గాలి తగులుతుంది."

ఆయన వెళ్ళాక ఆమె నా కాగితాలు చూసింది. "ఇది మీ తిండి వల్ల వచ్చిన లావు కాదు. ఈ వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గుతుంది. దాంతో కండ తగ్గి, కొవ్వు నడుం చుట్టూ చేరుతుంది. మీరు పూటలు మానేస్తే ఉన్న కండ కూడా కరిగిపోతుంది. ముందు తినడం మొదలుపెట్టండి. గుడ్లు, పప్పులు, పెరుగు తినండి. సెగలు మరీ బాధిస్తే మందులున్నాయి, మీకు సరిపడతాయో లేదో పరీక్షలు చూసి చెబుతాను. వీటన్నిటికంటే ముందు బరువులెత్తాలి."

"ఉన్న బరువు చాలదా డాక్టరుగారూ?"

ఆమె నవ్వింది కానీ వెంటనే ఆపేసింది. "మీ షుగరు గట్టు మీద ఉంది. అటు పడకుండా చూసుకోవాల్సింది మీరే."

మా అమ్మ చివరి రోజుల్లో షుగరుతో కాలు పోగొట్టుకుంది. ఆ కాలికి కట్లు కట్టింది నేనే. అందుకని డాక్టరమ్మ చెప్పిన వ్యాయామశాలకు ఆ మర్నాడు సాయంత్రమే వెళ్ళాను. అక్కడ ఆడవాళ్ళకు క్లాసు నడిపే ఆమె మెడలో ఈల వేసుకుని ఉంటుంది. మాటలకంటే ఈలతోనే ఎక్కువ చెబుతుంది కాబట్టి అందరూ ఈలమ్మ అంటారు. ఆ హాల్లో ఒక గోడ గోడంతా అద్దమే. దాన్లో ఎర్రటి ముఖంతో, జబ్బల కింద చెమట మరకలతో, వెడల్పాటి ఒకావిడ కనిపించింది. ఎవరా అని చూస్తే నేనే. తలుపు దగ్గర ఇద్దరమ్మాయిలు ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. నన్ను చూసే నవ్వారని ఒట్టేసి చెప్పలేను. నాకు మాత్రం అలాగే అనిపించింది. వచ్చినదాన్ని వచ్చినట్టే ఇంటికొచ్చేశాను.

"నేనిక అక్కడికి వెళ్ళను. షుగరొస్తే రానీండి" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. కనీసం "నాకూ అంతే" అని కూడా అనలేదు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. నాకు భయమేసి నుదురు పట్టుకుని చూశాను, జ్వరం లేదు.

మర్నాడు నడుం మీద చెయ్యి వేసుకుని దుకాణంనుంచి వచ్చారు. "నడుం పట్టేసింది. ఆ క్లాసులో చేరాను."

"అది ఆడవాళ్ళ క్లాసు."

"ఈలమ్మ ఒప్పుకుంది. కాకపోతే ఒక్కణ్ణే రావద్దంది, మనిషి తోడుండాలట. నువ్వు వెనకాల స్తంభం పక్కన నిలబడు చాలు. ఊరికే నిలబడలేకపోతే ఏదో ఒకటి ఎత్తుతూ ఉండు."

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. మా ఆయన చారల పైజమా వేసుకుని, సరిగ్గా ముందు వరస మధ్యలో నిలబడ్డారు. ఈలమ్మ కుడి అంటే ఎడమకు తిరిగి రెండో వరస వాళ్ళకు ముఖాముఖి అయ్యారు. పొరపాటు దిద్దుకోవడానికి ఇంకోసారి తప్పుగా తిరిగారు. చేతి బరువు జారిపోతే దాని వెంట పాకుతూ అద్దం దాకా వెళ్ళారు. పడుకుని కాళ్ళెత్తమంటే చాపతో సహా ఎత్తారు. క్లాసు క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ళ నవ్వు ఆపడానికి ఈలమ్మ ఈల వేసి వేసి అలిసిపోయింది. నేను స్తంభం వెనక తల దాచుకుని, ఈయనెవరో నాకు తెలియనట్టు బరువులెత్తుతూ కూర్చున్నాను. ఎత్తకపోతే ఆయన్నే చూస్తూ ఉండాలి కదా.

ఇంటికొచ్చే దారిలో రోజూ ఇదే గొడవ.

"కుడికీ ఎడమకీ తేడా తెలియదా మీకు? పొద్దస్తమానం కుడి కంటికో అద్దం, ఎడమ కంటికో అద్దం బిగిస్తారే."

"గోడమీది అద్దంలో తిరగబడి కనిపిస్తుంది కదా."

"అయితే వెనక్కొచ్చి నా పక్కన నిలబడండి."

"అక్కణ్ణించి నాకు కనపడదు."

"కళ్ళజోళ్ళ దుకాణం పెట్టుకుని కనపడదంటే ఎవరైనా వింటే ఏమనుకుంటారు?"

"నేను లాయరుగారికి ముందే చెప్పాను" అన్నారు.

నా సంగతి చెప్పాలంటే, ఆ స్తంభం నాకు బాగానే అచ్చొచ్చింది. మూడు పూటలా తింటున్నాను. నిద్ర కొంత తిరిగొచ్చింది. పాత పత్రికల బైండు సంపుటాలు దించడానికి ఇదివరకు ఇంకొకర్ని పిలిచేదాన్ని, ఇప్పుడు ఒక్కదాన్నే దించేస్తున్నాను. ముల్లు పెద్దగా కదల్లేదు గానీ జిప్పు కదిలింది. అంతా బాగానే ఉంది, ఆ చారల పైజమా ఒక్కటే లేకపోతే.

ఒకరోజు ఈయన చాపల దొంతర మొత్తం మీదికి లాక్కుని దాని కింద పడుకున్నారు. మర్నాడు గ్రంథాలయంలో, మునుపు నన్ను అన్న ఆమే, "మీ ఆయన్ని చూడ్డానికి మా అక్కయ్య కూడా ఆ క్లాసులో చేరుతోందట" అంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. పై అధికారిని అడిగి ఒక గంట ముందే బయల్దేరాను. క్లాసు మొదలయ్యేలోపు ఈలమ్మను పట్టుకుని, దయచేసి ఈయన పేరు కొట్టేయమని బతిమాలుకుందామని వెళ్ళాను.

హాలు తలుపుకు చిన్న గాజు పలక ఉంది. తలుపు తీయబోయి అందులోంచి చూశాను. లోపల ఈలమ్మా, మా ఆయనా తప్ప ఎవరూ లేరు. ఈలమ్మ ఈల వేసింది. ఆయన కుడికి తిరిగారు. వీపు వంగకుండా మోకాళ్ళు వంచి దిగి, రెండు బరువులూ ఎత్తి, ఊపిరి వదిలి, దించారు. బొమ్మ గీసినట్టు చేశారు. నేను మూడు నెలలుగా నేర్చుకుంటున్నది నాకు అంత బాగా రాదు.

"ఇవాళ ఏం చేద్దామండీ?" అని అడిగింది ఈలమ్మ.

"కుడికి బదులు ఎడమకి?" అన్నారు మా ఆయన.

"అది పాతబడింది. మొన్న ముందు వరసలో ఇద్దరు నవ్వలేదు, చూశారా?"

"చూశాను. అయితే ఆ పెద్ద బంతి మీంచి జారతాను. ఎటు పడమంటారు?"

"కిటికీ వైపు పడండి. అందరూ అటు తిరిగితే స్తంభానికి వీపు పెడతారు. చాప రెండు మడతలు వేస్తాను, ఎముకలు జాగ్రత్త."

"ఆవిడ ఇవాళ పై సైజు బరువు ఎత్తాలి కదా. ఎత్తేటప్పుడు ముఖం ఎర్రబడుతుంది. ఎవరైనా చూస్తున్నారనుకుంటే మధ్యలో దించేస్తుంది. చెయ్యి వేయగానే మీరు నాకు కనుసైగ చేయండి, పడిపోతాను."

"ఇలా ఎన్నాళ్ళండీ?"

"ఆవిడ స్తంభం వెనకనుంచి వచ్చేదాకా."

"రాకపోతే?"

ఆయన బరువులు పక్కన పెట్టి, "పడడానికి ఇంకా చాలా రకాలున్నాయి" అన్నారు.

నేను చప్పుడు చేయకుండా మెట్లు దిగి, కింద మెట్టు మీద కూర్చున్నాను. మొదట చాలా కోపం వచ్చింది. నన్నింత వెర్రిదాన్ని చేస్తారా అని. తర్వాత ఆ కోపం ఎక్కడికో పోయింది. నా బాధలో వాటాకొస్తున్నాడని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. ఆయన తీసుకున్న వాటా ఎంతో నేనెప్పుడూ చూసుకోలేదు. వచ్చే పోయే ఆడవాళ్ళు చూస్తున్నా సరే, అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, వేళకు అందరితోపాటు పైకి వెళ్ళాను.

క్లాసు మొదలైంది. నేను స్తంభం వెనక పెద్ద బరువు మీద చెయ్యి వేశాను. ఈలమ్మ కన్ను కదిలింది. మా ఆయన బంతి మీంచి జారి, రెండు మడతల చాప తప్పి, పక్కనున్న గచ్చు మీద దభీమని పడ్డారు. హాలంతా గొల్లున నవ్వింది. అందరూ కిటికీ వైపు తిరిగారు.

నేను బరువు చేత్తో పట్టుకునే స్తంభం వెనకనుంచి బయటికి వచ్చాను. వరసల మధ్యలోంచి నడిచి ఆయన దగ్గర నిలబడ్డాను.

"లేవండి. వెనక్కి వెళ్ళి నిలబడండి."

"అక్కణ్ణించి నాకు కనప..."

"కనపడుతుంది. వెళ్ళండి. ఇక్కడ నేను నిలబడతాను."

ఆయన నేలమీద నుంచే నా ముఖంలోకి చూశారు. ఈలమ్మ వైపు చూశారు. ఈలమ్మ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయింది. "జనం చూస్తారేమో" అన్నారు మెల్లగా.

"చూడనీండి."

ఆయన లేచి, వీపు రుద్దుకుంటూ స్తంభం వెనక్కి వెళ్ళారు. నేను ముందు వరస మధ్యలో నిలబడ్డాను. ఎదురుగా అద్దంలో అదే వెడల్పాటి ఆవిడ. సరిగ్గా అప్పుడే, పనిగట్టుకుని, సెగ కూడా లేచింది. ముఖం బీట్‌రూట్ దుంపలా ఎర్రబడింది, చెమట కళ్ళలోకి దిగింది.

ఈలమ్మ ఈల వేసింది. అందరం కుడికి తిరిగాం. అద్దంలో వెనకాల మా ఆయన కూడా కుడికే తిరిగారు, ఒక్క తప్పు లేకుండా. ఇక నవ్వడానికి ఏమీ దొరక్క, క్లాసంతా నా వైపు చూసింది. చూస్తే చూశారు. నేను మోకాళ్ళు వంచి దిగి, ఊపిరి బిగించి, ఆ పెద్ద బరువును భుజాల దాకా ఎత్తి, ఊపిరి వదిలి, దించాను.

స్తంభం వెనకనుంచి ఒకే ఒక్క మనిషి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు. ఈలమ్మ గట్టిగా ఈల వేసి, క్లాసు పాడుచేస్తే బయటికి పంపిస్తానని ఆయన్ని తిట్టింది. ఈసారి నిజంగానే తిట్టింది.